మోకాలి ఎత్తున జామకాయ

ఖాళీ గోడ కనిపిస్తే చాలు, బాబాయి చేతులు ఊరుకోవు. పండు బొమ్మ ఒకటి తగిలించి తీరాలి. పాతకాలపు వృక్షశాస్త్ర పుస్తకాల తరహా బొమ్మలవి. సగానికి కోసిన కాయ, పక్కన ఓ ఆకు, ఓ పువ్వు, అడుగున ఎవరికీ నోరు తిరగని లాటిన్ పేరు. అన్నిటికీ తనే ఫ్రేములు కట్టేవాడు. ఆయన పండు వేలాడని ఇల్లు చుట్టాల్లో లేదు.

తగిలించడానికి మాత్రం ఓ పద్ధతంటూ లేదు. అన్న కూతురి అద్దె ఇంట్లో దానిమ్మ పైకప్పును రాసుకుంటూ ఉంది. నిమ్మకాయ తలుపు చాటున నక్కింది. జామకాయనైతే పాత మేకుకు బారెడు పురికొస కట్టి మోకాలి ఎత్తుకు దింపాడు. చీమలు చూడ్డానికా అని ఆమె నవ్వింది. సరిచేయబోతే బాబాయి ఒప్పుకోలేదు.

"పండేదాకా ముట్టుకోకమ్మా," అన్నాడు.

ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన వస్తున్నానని కబురు చేసిన ఉదయం ఆ నవ్వు కాస్తా ఆవిరైంది. గోడలంటే ఆయనకు ప్రాణం. పెచ్చు ఊడిందని కింది వాటా వాళ్లను ఖాళీ చేయించిన ఘనుడు. ఆమెకా నెలలు నిండాయి. ఇప్పుడు ఇల్లు వెతుక్కుంటూ తిరగడం అయ్యే పని కాదు. సరిగ్గా అప్పుడే భర్త గొంతు తగ్గించి అసలు సంగతి బయటపెట్టాడు. బీరువా జరుపుతూ గోడను గుద్దేశాడట. పిడికిలంత బొక్క, ఆ జామకాయ వెనక. బాబాయికి తప్ప ఎవరికీ చెప్పలేదట.

"ఇప్పుడా చెప్పడం?" అంది ఆమె. అంతకుమించి తిట్టే వ్యవధి లేదు, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

ఇంటాయన ఒక్కో గోడనూ వేలితో తట్టుకుంటూ వచ్చాడు. వెనకే, మెట్ల దగ్గర ఆయనకు ఎదురైన బాబాయి, దానిమ్మ గింజల మీద ఉపన్యాసమిస్తూ. ఇంటాయన ఒక్క ముక్కా చెవిన వేసుకోకుండా వెళ్లి జామకాయ ముందు ఆగాడు.

"ఇంత కిందికి ఎవరైనా పటం కడతారా?"

"కూర్చుని చూసుకోవడానికండీ," అన్నాడు భర్త.

ఇంటాయన నిజంగానే గొంతుక్కూర్చుని చెయ్యి చాచాడు. బాబాయి అడ్డుపడతాడని ఆమె ఎదురుచూసింది.

"ఎత్తి చూడండి. పండింది," అన్నాడు బాబాయి.

వెనక బొక్క లేదు. గోడ నున్నగా ఉంది. మొగుడూ పెళ్లాలు ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఇంటికి కాపలా ఉంటానన్న మనిషి, బొక్క పూడ్చి, రంగు వేసి, ఆరేదాకా ఎవరి చెయ్యీ తగలకుండా పటం అడ్డం పెట్టాడన్నమాట. అప్పుడామెకు తలుపు చాటు నిమ్మకాయ గుర్తొచ్చింది. ఇస్త్రీపెట్టె ఆనించి తను మాడ్చిన మచ్చ సరిగ్గా అక్కడే. భర్తకు ఇప్పటికీ తెలియదు. పటం దాని మీదకే రావడం తన అదృష్టమనుకుంది ఇన్నాళ్లూ. బాబాయి మీద ఆమెకు పట్టలేనంత ప్రేమ కలిగింది.

ఇంటాయన మాత్రం అమాయకుడు కాడు. కొత్త రంగు మీద బొటనవేలు అటూ ఇటూ రుద్దాడు. ఆయన లేచి బాబాయి చెవి దగ్గరకు జరిగాడు.

"మా హాల్లో ఓ గోడ ఉందండీ. మా ఆవిడ పుట్టింటి నుంచి రేపు వచ్చేస్తోంది."

"మరి మా అమ్మాయి ఇక్కడే ఉంటుందిగా?" అన్నాడు బాబాయి.

"ఈ స్థితిలో ఎక్కడికి వెళ్తుందండీ, ఉండనివ్వండి."

"అయితే చెప్పండి, నిమ్మకాయ సరిపోతుందా?"

ఇంటాయన అటూ ఇటూ చూసి, మెల్లగా రెండు చేతులూ చాపాడు.

"పనసకాయే," అన్నాడు బాబాయి.