మబ్బును పొమ్మన్న మాట

"పొమ్మంటే పోయిందన్నా ఆ మబ్బు. 'పో తల్లీ, ఒక్క పోటో తీసుకుంటా' అంటి. లక్ష్మీదేవక్క ఇనింది," అన్నాడు అతావుల్లా నాతో, నల్ల దుప్పటిలోంచి తల బయటపెట్టి.

బెళుగుప్ప బడిలో ఆయన సైన్సు మాస్టరు. సెలవు రోజంతా మిద్దె మీది రేకుల గదిలోనే ఉంటాడు. చక్రాలున్న కప్పును పక్కకు తోసి, టెలిస్కోపుకు వెబ్‌క్యామ్ తగిలించి సూర్యుడి మచ్చలను ఫోటోలు తీస్తాడు. ఎండలో కంప్యూటర్ తెర కనబడదని దుప్పటి కప్పుకుంటాడు. చెమట ముక్కు కొసన వేలాడుతున్నా తుడుచుకోడు, చెయ్యి కదిలితే సూర్యుడు తెరలోంచి జారిపోతాడని.

పక్కింటి లక్ష్మీదేవమ్మ శెనక్కాయ చేను ఊడలు దిగే అదునులో ఉంది. ఒక్క వాన పడకుంటే కాయ ఊరదు. మొన్న మబ్బు పట్టినప్పుడు ఆమె తన మిద్దె మీద నిలబడి ఆకాశంకేసి దండం పెడుతోందట. దుప్పటి కింద ఈయనకు కనబడలేదు.

"తిట్టింటే బాగుండు. 'పోటో బాగా వచ్చినాదా సారూ' అని అడిగె."

"ఏమంటివి?"

"ఏమనేది? అంత బాగా ఎప్పుడూ రాలేదన్నా."

పడమట చిన్న మబ్బొకటి లేచింది. తెర మీద మచ్చ గింజలా స్పష్టంగా నిలిచి ఉంది. అతావుల్లా దాన్ని ఒకసారి చూసి, వైరు పీకి, కీచుమంటున్న కప్పును లాగి మూసేశాడు.

"పోతా పోతా ఆయక్క వాకిట్లో నిలబడు. సారు రేకు మూసినాడని చెప్పు. నేను చెప్పమన్నానని మాత్రం చెప్పొద్దు."