పరీక్ష రాసిపెట్టే పల్లవి

ఎల్లారెడ్డిలో పల్లవి బట్టలు కుట్టే మడిగె ముందు ఒకనాడు డిగ్రీ కాలేజీ లెక్చరర్ నర్సింహులు సార్ బండి ఆపాడు. భార్య జాకెట్లు తీసుకపోదామని వచ్చిన మనిషి, బల్ల మీద తెరిచి ఉన్న కొలతల పుస్తకాన్ని చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఈ అక్షరాలు ఎవరివమ్మా?"

"నావే సార్."

"ఎంతదాక చదివినవ్?"

"ఇంటర్ సార్. సీఈసీ. పెండ్లయినంక బంద్ చేసిన."

సార్‌కు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆయన కాలేజీలో హరిచంద్ అని ఒక విద్యార్థి ఉన్నాడు. పక్క తండా నుంచి వస్తాడు. ఏడో ఏట జ్వరమొచ్చి చూపు పోయింది. ఇంకో మూడు రోజుల్లో డిగ్రీ మొదటి ఏడాది పరీక్షలు. అతను చెప్తుంటే రాసిపెడతానని ఒప్పుకున్న మనిషి ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. రాసేవాళ్లు డిగ్రీ చదివినవాళ్లయి ఉండకూడదు, ఒక మెట్టు తక్కువే చదివుండాలి. అది రూలు.

"నా చేతిల ఒకరి పరీక్ష ఖరాబైతే ఎట్ల సార్?" అంది పల్లవి.

"ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి. అంతకు మించి నీ పనేం లేదు."

వినడానికి ఎంత సులువో! సెంటర్ కామారెడ్డిలో పడింది. మూడో నాడు పొద్దున హరిచంద్‌తో కలిసి బస్సెక్కితే, తాడ్వాయి దాటేదాకా ఆమె సంచిలోని పెన్నులు తీసి రాస్తాయో లేదో చూసుకుంటూనే ఉంది. అతను మాత్రం కిటికీ పక్కన కూర్చుని పెదాలు కదుపుతూ పాఠాలు నెమరేసుకుంటున్నాడు.

వాళ్లకు వేరే గది ఇచ్చారు. మూడు గంటల పరీక్షకు ఇంకో గంట ఎక్కువ. తలుపు దగ్గర కుర్చీలో ఒక మేడం. అభ్యర్థి చెప్పిందే రాస్తానని కాగితం మీద పల్లవి సంతకం చేసి, ప్రశ్నపత్రం అందుకుని గడగడా చదివింది.

"అక్కా, మెల్లగ," అన్నాడు హరిచంద్. "ముందుగాల పేపరంతా ఒక్కసారి చదువు. ఏది ముందు రాయాల్నో నేను చూసుకుంట."

చూసుకుంట అన్నాడు! ఆ మాటకు పల్లవి భయం సగం తగ్గింది. అతను చెప్పుకుంటూ పోయాడు, ఆమె రాసుకుంటూ పోయింది. రెండు గంటలు గడిచాక రాజ్యసభ గురించి చెప్తూ, "సభ్యుల పదవీకాలం ఐదేండ్లు," అన్నాడు.

పల్లవి పెన్ను ఆగింది. ఆరేండ్లు. ఇంటర్‌లో సివిక్స్ ఆమెకు ఇష్టమైన సబ్జెక్టు. మేడం కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఒక్క అంకె మారిస్తే ఎవరికి తెలుస్తది?

"రాసినవా అక్కా?"

"రాస్తున్న," అని ఐదు అనే రాసింది. ఆ మాట రాస్తుంటే ఎవరి సొమ్మో కాజేసినంత బాధనిపించింది ఆమెకు.

తిరుగు బస్సులో హరిచంద్ ఉన్నట్టుండి తొడ చరుచుకున్నాడు. "అయ్యో, రాజ్యసభకు ఆరేండ్లు గద! నువ్వు ఆగినప్పుడే నాకు అనుమానమొచ్చింది. నీకు తెలుసా అక్కా?"

"తెలుసు."

"మరి ఐదు రాసినవా?"

"నువ్వు చెప్పిందే రాస్త అని సంతకం పెట్టిన గద తమ్మీ." కోపమొస్తుందేమో అని ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను నవ్వుతున్నాడు.

"పదో తరగతిల నాకు రాసినాయన నేనొకటి చెప్తే ఇంకోటి రాసిండు. మస్తు మార్కులొచ్చినయి. అవి నావో ఆయనవో ఇప్పటికీ తెల్వదు. ఇగ నుంచి నా పరీక్షలన్నిటికీ నువ్వే రావాలె."

మూడేళ్లూ ఆమే పోయింది. అతను డిగ్రీ పాసై, బీఈడీ చేసి, పిట్లం వైపు ఒక బడిలో సోషల్ సార్ అయ్యాడు. ఈలోపు పల్లవి పేరు కాలేజీలో నలుగురికీ తెలిసింది. పరీక్షలొస్తే భర్త తిరుపతి, "నీ మిషన్ కంటే నీ పెన్నుకే గిరాకీ ఎక్కువున్నది," అని నవ్వి వంట తానే చూసుకునేవాడు.

ఆశ్రిత అనే అమ్మాయి జాకెట్ కొలతలకు వచ్చింది ఆ రోజుల్లోనే. పుట్టినప్పటి నుంచి ఆమె చేతులు వణుకుతాయి. ప్రతి పరీక్షలో సగం పేపర్ రాసేసరికే గంట కొడతారు, అందరూ చదువు రాదనుకుంటారు. ఆ మాట విని పల్లవి టేపు పక్కన పడేసింది. "సదరం క్యాంపుకు పోయి వికలాంగుల సర్టిఫికెట్ తీసుకో. కాలేజీల దరఖాస్తు పెట్టు. నేనొచ్చి రాస్త."

"నువ్వు రాసుడొద్దక్కా. టైమిస్తే చాలు, నేనే రాస్త," అంది ఆశ్రిత.

పల్లవికి ఆ జవాబు భలే నచ్చింది. సర్టిఫికెట్ కోసం ఆమె వెంట రెండుసార్లు జిల్లా ఆసుపత్రికి తిరిగింది. గంట ఎక్కువ దొరికాక ఆశ్రిత తన వంకర అక్షరాలతోనే అన్ని పేపర్లూ పాసైంది.

ఒక ఆదివారం హరిచంద్ ప్యాంట్ కురచ చేయించుకోవడానికి వచ్చి, "ఓపెన్ డిగ్రీ కట్టరాదు అక్కా?" అన్నాడు.

"నేను డిగ్రీ పాసైతే డిగ్రీ పిల్లలకు ఎవరు రాస్తరు? రూలు ఒప్పుకోదు."

"మా కోసం నువ్వు ఆగుడేంది? వేరేటోళ్లకు నేర్పియ్యి. నిజం చెప్పు, ఇంకేమన్న ఉన్నదా?"

పల్లవి సూదిలో దారం ఎక్కించింది. "భయం తమ్మీ. నీ పరీక్షల నువ్వు చెప్తవు. నా పరీక్షల నాకెవరు చెప్తరు?"

హరిచంద్ పట్టుబట్టి ఆమెతో ఓపెన్ డిగ్రీకి ఫీజు కట్టించాడు. ఆ వారం నుంచి రోజుకో పాఠం తన గొంతుతో రికార్డు చేసి ఫోన్‌కు పంపడం మొదలుపెట్టాడు. ఆమె మిషన్ తొక్కుతూ వినేది. అర్థం కాకపోతే ఫోన్ చేసి కొట్లాడేది.

కామారెడ్డిలో తన మొదటి పరీక్ష నాడు, పేపర్ చేతికి రాగానే పల్లవి అలవాటు కొద్దీ మొదటి ప్రశ్న పైకి చదివింది. హాల్లో ఉన్నవాళ్లంతా ఆమె వైపు తిరిగి చూశారు.

"ఏందమ్మా, ఎవరికి వినిపిస్తున్నవ్?" అన్నాడు ఇన్విజిలేటర్.

"తప్పైంది సార్, నాకే," అంది. పక్క బల్లవాళ్లు కిసుక్కున నవ్వారు, ఆమెకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటే భయం కూడా పోయింది. పేపరంతా ఒకసారి మనసులో చదువుకుని, తెలిసినదాంతో మొదలుపెట్టింది.

మూడేళ్లలో ఒక్క పేపర్ తప్పింది, దాన్నీ మళ్లీ కట్టి పాసైంది. రిజల్ట్ వచ్చిన రోజు తిరుపతి మడిగె చుట్టుపక్కల అందరికీ జిలేబీ పంచాడు. డిగ్రీ పిల్లలకు రాయడానికి అప్పటికే ఇద్దరు ఇంటర్ చదివిన ఆడవాళ్లను తయారుచేసింది పల్లవి. వాళ్లకు నేర్పిన మొదటి సంగతి, తప్పని తెలిసినా చెప్పిందే రాయడం.

పోయిన ఎండాకాలం హరిచంద్‌కు ఎంఏ పరీక్షలు మొదలయ్యాయి. చెప్పేది అతను, రాసేది బీఏ పాసైన పల్లవి; ఎంఏకు అది ఒక మెట్టు తక్కువే కదా. పరీక్ష అయ్యాక ఇద్దరూ బస్టాండు దగ్గర వేడి వేడి మిర్చీలు తింటూ, నాలుగో ప్రశ్నకు తాను చెప్పిన జవాబు సరైనదే అని అతను, కాదని ఆమె, ఎల్లారెడ్డి బస్సు వచ్చేదాకా వాదించుకున్నారు.