ఇరవయ్యో రోజు

లోపంతో పుట్టిన పిల్లని తల్లి ఎలుక తినేస్తుంది. ఒక మందు కడుపులోని పిండాన్ని ఏం చేస్తుందో తెలియాలంటే అందుకే కాన్పు దాకా ఆగకూడదు. ఆగితే అంగిలి చీలినవీ, కాళ్ళు వంకర పోయినవీ తల్లి పొట్టలోకి వెళ్ళిపోతాయి. మిగిలిన చక్కటి పిల్లల్ని లెక్కపెట్టుకుని మందు మంచిదేనని మనం రాసుకుంటాం. కాబట్టి చూలు కట్టిన ఇరవయ్యో రోజున, ఈనడానికి ఒకటి రెండు రోజుల ముందే, తల్లిని చంపి గర్భసంచి తెరిచి ప్రతి పిండాన్నీ చూడాలి. ఇరవయ్యో రోజు పండగైనా, జ్వరమొచ్చినా, నగరం తగలబడుతున్నా ఇరవయ్యో రోజే.

మా ల్యాబు యూనివర్సిటీలో తార్నాక వైపు ఉండేది. పరిశోధన విద్యార్థులం ఇద్దరం. ఆమె తెలంగాణ పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. నేను నల్లకుంట నుంచి రోజూ వచ్చేదాన్ని. నాన్న ఉద్యోగం కోసం కోస్తా వదిలి ఇక్కడ స్థిరపడ్డాక పుట్టిన పిల్లని, మాట మాత్రం అమ్మ మాటే. "నీ తెలుగు రేడియోల వార్తల్లెక్క ఉంటదే" అని ఆమె నన్ను ఆటపట్టించేది. నీది సగం ఉర్దూలే అని నేను అనేదాన్ని. ఎలుకని పట్టుకోవడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. నన్ను నాలుగుసార్లు కరిచాయి, ఆమెను ఒక్కటీ కరవలేదు. దీనికి కూడా నేను కుళ్ళుకునేదాన్ని.

మేం పరీక్షిస్తున్నది ఒక పురుగుమందు. ప్రాజెక్టు ఇచ్చింది దాన్ని తయారుచేసే కంపెనీయే. ఒకే ఎలుకల మీద ఇద్దరి థీసిస్‌లు: పిండాల్లో సగం ఎముకల పరీక్షకి ఆమెవి, మిగతా సగం మెత్తటి అవయవాల పరీక్షకి నావి. "మా దిక్కు పత్తి చేన్లకు గిదే కొడ్తరు. మా అమ్మ ఉత్త చేతుల్తోనే కలుపుతది" అని ఒకసారి చెప్పింది. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను.

అవి ఉద్యమం రోజులు. క్యాంపస్‌లో ఊరేగింపు లేని వారం లేదు. టియర్ గ్యాస్ ఘాటు మా ల్యాబు కిటికీల్లోంచి వచ్చి ఎలుకలు కూడా తుమ్మేవి. పెద్ద మోతాదు మందు తిన్న ఎలుకలకి ఇరవయ్యో రోజు సరిగ్గా రెండు రోజుల బంద్‌లో మొదటి రోజున పడింది. బస్సుల్లేవు. నాన్న గడప దాటనివ్వలేదు. ఫోన్ చేస్తే ఆమె, "నువ్వు రాకు. నేనున్న గద, చూస్కుంట. పరేశాన్ గాకు" అంది. నేను నిశ్చింతగా అన్నం తిని పడుకున్నాను.

మూడో రోజు వెళ్ళేసరికి బోనులన్నీ ఖాళీగా, కడిగి బోర్లించి ఉన్నాయి. మా గైడు సారు నన్ను కూర్చోబెట్టి చల్లగా చెప్పారు. "ఆ అమ్మాయి రానేలేదమ్మా. నేను వచ్చి చూసేసరికి అన్నీ ఈనేశాయి. తల్లులు పిల్లల్ని చాలావరకు తినేశాయి. ఇంకేం చూస్తాం? అన్నిటినీ తీయించేశాను." ఆమె ఎక్కడుందని అడిగాను. ఊరేగింపులో పోలీసులు పట్టుకుపోయారని చెప్పారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను నమ్మించి నట్టేట ముంచింది అనుకున్నాను. ఏడాది పని పోయింది. రాష్ట్రం ఆమెకి కావాలి, మరి నా థీసిస్ ఎవరికి కావాలి? ఇంటికెళ్ళి అమ్మ ముందు ఏడిస్తే అమ్మ, "వాళ్ళకి మనమంటే ఎప్పుడు పడిందే?" అంది. వేరే రోజైతే ఆ మాటకి అమ్మతో పోట్లాడేదాన్ని. ఆ రోజు అది నాకు మందులా పనిచేసింది.

రెండు రోజులకి ఆమె విడుదలై నేరుగా ల్యాబుకి వచ్చింది. ఎడమ మణికట్టు వాచిపోయి ఉంది. "నేను పొద్దుగాలనే వచ్చిన. అన్ని కోసిన. గా పిల్లలను చూస్తే నువ్వు పాగల్ అయితవ్. అంగిలి చీలినయే మస్తున్నయ్. నీ సగం గూడ సీసాలల్ల ఏసి పెట్టినంకనే ఊరేగింపుకు పోయిన" అంది.

"మరి ఏవీ సీసాలు?" అన్నాను.

"సార్‌ను అడుగు."

"సార్ అబద్ధం చెబుతారా? చేసిందంతా చేసి ఆయన మీద తోస్తావా?"

ఆమె నా మొహం వంక చాలాసేపు చూసింది. ఆ చూపుకి నేను తగ్గలేదు, ఇంకో రెండు మాటలు ఎక్కువే అన్నాను. మర్నాడు సారు, "జరిగింది రాసివ్వమ్మా. మనవైపు పిల్లవి, నీకు అన్యాయం జరగనివ్వను" అన్నారు. ఆమె బాధ్యత తీసుకుని రాలేదని, జంతువులని వదిలేసి వెళ్ళిందని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. ఏదీ నేను కళ్ళారా చూసింది కాదు. ఆ కాగితంతో ఆమె రిజిస్ట్రేషన్ రద్దయింది. ప్రయోగం మళ్ళీ చేశాం. ఈసారి పెద్ద మోతాదు ఎంతో సారే నిర్ణయించారు. పిల్లలన్నీ ముద్దుగా వచ్చాయి. కంపెనీ సంతోషించింది. నా థీసిస్ కదిలింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. క్యాంపస్ అంతా గులాల్ చల్లుకున్న వారంలోనే మా స్టోరు గదికి సున్నం వేయించాలని ఖాళీ చేయమన్నారు. పై అరలో, పగిలిన గాజుసామాను పెట్టె వెనక, పసుపుపచ్చ ద్రవం నిండిన సీసాలు కనిపించాయి. లేబుళ్ళ మీద ఆమె చేతిరాత, బంద్ మొదటి రోజు తేదీ. కొన్నిటి మీద నా పొడి అక్షరాలున్నాయి. అవి నా వాటా. ఒక పిండాన్ని తీసి నోరు తెరిచి చూశాను. అంగిలి ముందునుంచి వెనక దాకా చీలి ఉంది. రెండోదీ అంతే. మూడోది తీయకుండానే సీసా మూత బిగించేశాను.

సారు వాటిని ఎందుకు పారేయలేదో నాకు వెంటనే అర్థమైంది. స్పెసిమెన్ పారేయడం పాపమని మాకు నేర్పింది ఆయనే. ఒక మనిషి బతుకుని పారేయగలిగారు గాని, సీసాల జోలికి వెళ్ళలేకపోయారు. నేను ఆయన్ని తండ్రి తర్వాత తండ్రి అనుకున్నాను. ఆ "మనవైపు" అన్న ఒక్క మాటతో నన్ను కొనేశారు, నేను అమ్ముడుపోయాను. ఆయన మీద ఎంత కోపమో, అంత తేలిగ్గా నమ్మిన నా మీద అంతే కోపం.

ఆమె అంబర్‌పేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతోందని కనుక్కుని మర్నాడే వెళ్ళాను. స్టాఫ్ రూం బయట, చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటూ వచ్చింది. ఎలా ఉన్నావని కూడా అడగకుండా, "సీసాలు దొరికాయి" అన్నాను.

ఆమె, "ఎన్ని?" అంది.

"పదకొండు."

"పన్నెండు ఉండాలె." నా చేతిసంచి వైపు చూసింది. "తెచ్చినవా?"

"లేదు. అక్కడే పెట్టేశాను. వచ్చే నెల నా వైవా. సార్ సంతకం ఇంకా..."

మిగతాది చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె కళ్ళలో ఒక్క క్షణం వెలిగిందేదో నా కళ్ళముందే ఆరిపోయింది. "అయితే నాకెందుకు చెప్పొచ్చినవ్?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఇద్దరినీ ఒకడే మోసం చేశాడని చెప్పుకుని, ఆమె భుజం మీద పడి ఏడుద్దామని వెళ్ళాను. బెల్లు మోగింది. ఆమె క్లాసులోకి వెళ్ళిపోయింది.

తర్వాతి నెల వైవా అయింది. సారు అందరి ముందూ నాకు శాలువా కప్పారు. నేను వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టాను.