అవ్వ చేతిలో తాడు కొస

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేన్నయినా ముందు అనుమానించి, ఆ తర్వాతే గడప దాటనిచ్చేవాళ్ళు. పాలు పోసే మనిషి నీళ్ళు కలిపాడేమోనని అనుమానం, గాజులమ్మే మనిషి ఇంటి ఆరా తీయడానికి వచ్చాడేమోనని అనుమానం. పైగా అవి యుద్ధం రోజులు. పాకాల జంక్షన్ మీదుగా సిపాయిల రైళ్ళు పోతుండేవి, కిరసనాయిలు కొలిచి పోసేవాళ్ళు, కొత్త మనిషి కనిపిస్తే వీధి వీధంతా వాకిళ్ళలోకి వచ్చి చూసేది. మా ఊరు పాకాలకు రెండు మైళ్ళు. అనుమానంలో మా ఇంటికి పెద్ద మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి. ఆమె తర్వాత నేనే. నాకప్పుడు పదేళ్ళు. ఇప్పుడు తొంభై దగ్గర పడుతున్నా ఆ గుణం నన్ను వదల్లేదు, నేనూ దాన్ని పొమ్మనలేదు.

ఆ ముందు ఏడాది మా వీధి బావిలో ఒక పిల్ల పడిపోయింది. పక్కింటి పిల్ల, మా అక్క ఈడుది, ఇద్దరూ ఒక కంచంలో తిన్నవాళ్ళు. బిందె ఎత్తుకోబోతే కాలు జారిందని కొందరు, తనే దూకిందని కొందరు అన్నారు. మగవాళ్ళంతా శెనక్కాయ చేలల్లో ఉన్న వేళ. బావి చుట్టూ పదిమంది ఆడవాళ్ళున్నా ఒక్కరికీ ఈత రాదు. మా అవ్వ చేంతాడు లోపలికి వేసి, పట్టుకోమని గొంతు పోయేలా అరిచిందట. ఆ పిల్లకు అందలేదు. ఆ రోజు నుంచి మా అవ్వ ఆ బావి దగ్గరికి వెళ్ళడం మానేసింది. నీళ్ళకు అమ్మ వెళ్ళేది. అక్కను మాత్రం అవ్వ అటు వైపు కూడా పోనిచ్చేది కాదు.

మా అక్కకు పద్నాలుగేళ్ళు. పెద్దమనిషి కాగానే బడి మాన్పించారు. స్నేహితురాలు పోయాక మాట కూడా మానేసింది. పిలిస్తే పలికేది, పెడితే తినేది, అంతే. గోడకు ఆనుకుని గంటలు గంటలు కూర్చుంటే అమ్మకు భయమేసేది.

అలాంటప్పుడు మా ఇంటికి గేటు నర్సమ్మ వచ్చింది. ఊరి బయట రైలు గేటు దగ్గర ఉండే గేటు మనిషి భార్య ఆమె. క్రైస్తవురాలు. పెళ్ళికి ముందు మిషన్ ఆసుపత్రిలో పనిచేసింది కాబట్టి చుట్టుపక్కల కాన్పులన్నిటికీ ఆమెనే పిలిచేవాళ్ళు. కాన్పు చేయడానికి లోపలి గదిలోకి రానిచ్చేవాళ్ళం, ఆమె వెళ్ళాక కూర్చున్న చోట నీళ్ళు చల్లేవాళ్ళం. చల్లే చెంబు నాదే. సిగ్గుతోనే రాస్తున్నాను.

ఆ వేసవిలో ఆమె ఇల్లిల్లూ తిరిగింది. బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టిన ఆడపిల్లలను మధ్యాహ్నం రెండు గంటల సేపు తన దగ్గరికి పంపమంది. కుట్టు నేర్పుతుందట. గాయానికి కట్టు కట్టడం, పసిబిడ్డకు నీళ్ళు పోయడం నేర్పుతుందట. ఏమిస్తే నేర్పుతావని అడిగితే ఏమీ వద్దంది. అక్కడే మా అవ్వకు మొదటి అనుమానం పుట్టింది. ఊరికే వచ్చేదాని వెనక ఏదో ఉంటుందని ఆమె లెక్క. అయినా అమ్మ బతిమాలింది, పిల్ల ఇంట్లోనే ఉంటే ఎండిపోయేలా ఉందని. చివరికి అక్క ఇంకో ఆరుగురితో కలిసి వెళ్ళడం మొదలుపెట్టింది.

పది రోజులకే అక్క మారిపోయింది. ఆకలని అడిగి తినేది. ఒకసారి నవ్వింది కూడా. అమ్మ సంతోషపడింది. అవ్వ కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది. తలంటు రోజు కాకపోయినా అక్క జడ తడిగా ఉంటోంది. కుట్టు నేర్చుకునే పిల్లకు జడ ఎందుకు తడుస్తుంది? శుక్రవారం నూనె రాస్తుంటే నడుము చుట్టూ తాడు ఒరుసుకున్న ఎర్రటి గీత కనిపించింది. అడిగితే పావడా బొందు బిగించానంది. వీటన్నిటినీ మించింది ఇంకొకటి ఉంది. పెరట్లో గంగాళం నిండా నీళ్ళు పోసి, చుట్టూ చూసుకుని, మొహం అందులో ముంచి, వేళ్ళు మడుస్తూ లెక్క పెట్టుకుంటోంది. నేనే చూసి అవ్వకు చెప్పాను.

అవ్వ నన్ను పక్కకు లాక్కుని, వాళ్ళ మతంలో మనిషిని కలుపుకునేటప్పుడు నీళ్ళలో ముంచుతారని చెప్పింది. గంగాళంలో మొహం పెట్టడం వాళ్ళ జపమేమోనని అంది. అక్క వెనకాలే వెళ్ళి చూసి రమ్మని నన్ను పంపింది. ఇంత పెద్ద పని నాకు ఎవరూ ఎప్పుడూ అప్పజెప్పలేదు. భయం కంటే గర్వమే ఎక్కువ కలిగింది.

గేటుకు అవతల, ఇంజన్లకు నీళ్ళ కోసం రైలు వాళ్ళు ఎప్పుడో తవ్వించి వదిలేసిన దిగుడు బావి ఒకటుంది. అది ఏ కులానిదీ కాదు, ఏ వీధిదీ కాదు. మనుషులు అటు పోయేవాళ్ళు కాదు. అక్క, మిగతా పిల్లలు కుట్టు గుడ్డలు నర్సమ్మ ఇంట్లో పెట్టేసి నేరుగా అక్కడికే వెళ్ళారు. పట్టాల కింద వేసే పాత దుంగలు గట్టున పేర్చి ఉంటే, వాటి వెనక బోర్లా పడుకుని చూశాను. నర్సమ్మ చీర గోచీ పోసి కట్టుకుని, నడుం లోతు నీళ్ళలో కింది మెట్టు మీద నిలబడి ఉంది. అక్క వెల్లకిలా ఆమె చేతుల మీద ఉంది. నర్సమ్మ పెదాలు కదిలాయి. చేతులు తీసేసింది. అక్క మొహం నీళ్ళ కిందికి పోయింది.

అంతే. ఆ తర్వాత ఏమైందో చూడటానికి నేను లేను. ఇంటిదాకా ఒకటే పరుగు. నర్సమ్మ అక్కను నీళ్ళలో ముంచిందని చెప్పాను. మంత్రం చదివి ముంచిందని చెప్పాను. మంత్రం నేను వినలేదు. పెదాలు కదలడం చూశాను, మిగతాది దారిలో చేర్చాను.

సాయంత్రం నాయన చేను నుంచి వచ్చేసరికి ఇల్లు అట్టుడికిపోయింది. ఊరి పెద్దలకు చెప్పి, రైలు వాళ్ళకు అర్జీ పెట్టించి, ఆ గేటు మనిషిని పెళ్ళాంతో సహా ఊరు దాటిస్తానన్నాడు నాయన. అక్కను మేనమామ ఇంటికి పంపించి, ఆ నెలలోనే ఏదో ఒక సంబంధం చూసి ముడి పెట్టేస్తానన్నాడు. అక్క ఏడవలేదు. తను నేర్చుకుంటున్నది ఈత అని, అక్కడ మతం మాటే లేదని ఒకే ఒకసారి చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఆడపిల్లకు ఈత ఏమిటన్నాడు నాయన. అబద్ధమైనా నమ్మేలా చెప్పమన్నాడు. అక్క మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చుంది. మంత్రం నేను వినలేదన్న మాట అప్పుడైనా బయట పెట్టలేదు.

నాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని బయల్దేరుతుంటే అవ్వ వాకిలికి అడ్డంగా నిలబడింది.

"రేపు మధ్యాన్నం దాకా తాళు నాయనా. నా కండ్లతో సూసొచ్చినాక నీ ఇష్టం" అంది.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చేసరికి అవ్వ ముందు, వెనక అక్క, ఆ వెనక నేను. మమ్మల్ని చూడగానే బావిలోని పిల్లలు చెల్లాచెదురయ్యారు. నర్సమ్మ తడిబట్టలతోనే మెట్లెక్కి వచ్చి, కొంచెం దూరంలో నిలబడింది. గట్టున ఎండిన సొరకాయ బుర్రలు జతలు జతలుగా కట్టి ఉన్నాయి. ఒక తాడు చుట్ట ఉంది. అక్క నడుం మీది గీత సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

పిల్లలను ఏం చేస్తున్నావని అవ్వ అడిగింది. నర్సమ్మ తల వంచుకోలేదు. పోయినేడు బావిలో పడిన పిల్ల కడుపులోంచి నీళ్ళు కక్కించడానికి తననే పిలిచారని, అప్పటికే ఆలస్యమైందని చెప్పింది. ఆ పక్క ఊళ్ళో ఇంకో పిల్లకు కూడా అలాగే వెళ్ళిందట. రోజుకు నాలుగుసార్లు బావికి పోయే పిల్లలకు ఈత రాకపోవడం ఏమిటని అప్పటి నుంచీ నిద్ర పట్టడం లేదంది. మరి ఆ మాటే చెప్పి ఎందుకు అడగలేదని అవ్వ నిలదీసింది.

"చెప్పింటే ఒక్కరన్నా పంపుంటారా పెద్దమ్మా?" అంది నర్సమ్మ.

పంపేవాళ్ళు కాదు, నిజమే. అయినా ఆమె దాచింది. కన్నవాళ్ళకు చెప్పకుండా పిల్లలను నీళ్ళలోకి దించడం తప్పేనని నేను ఈ వయసులోనూ అంటాను. అవ్వ కూడా ఆ మాటే అంది. ఆపైన, నిన్ను నేను నమ్మనని మొహం మీదే చెప్పేసింది.

నర్సమ్మ వంగి తాడు తీసింది. ఒక కొస అక్క నడుముకు కట్టి ముడి లాగి చూసింది. రెండో కొస తెచ్చి, అవ్వకు తన చెయ్యి తగలకుండా, ఆమె కాళ్ళ ముందు పెట్టింది.

"నమ్మొద్దు పెద్దమ్మా. నమ్మినోళ్ళు మాటల్లో పడి తాడు వదిలేస్తారు. నమ్మనోళ్ళు కన్ను తిప్పరు. ఇన్నాళ్ళూ ఈ కొస పట్టుకునేదానికి నాకు మనిషి లేదు, మెట్టుకు కట్టుకుంటా ఉండాను. మీరు పట్టుకోండి."

అవ్వ ఆ తాడు వైపు చూసింది. ఇంతకు ముందు ఆమె చేతిలో తాడు ఎప్పుడు ఉందో, అవతలి కొసన ఏం జరిగిందో అక్కడున్న అందరికీ తెలుసు. వంగి కొస అందుకుని, అరచేతికి రెండు చుట్లు చుట్టుకుంది.

అక్క ఆ రోజు సొరబుర్రలు కట్టుకోలేదు. అవి లేకుండా ఈదడం అదే మొదటిసారట, నాకు తర్వాత చెప్పింది. మెట్ల మీంచి నీళ్ళలోకి జారింది. జారీ జారగానే అవ్వ రెండు చేతులా లాగేసింది. అక్క చేపలా వెనక్కొచ్చి మెట్టుకు కొట్టుకుంది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ లాగేసింది. మూడోసారికి పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. నర్సమ్మ నవ్వలేదు. అక్క నీళ్ళలో నిలబడి, మొహం తుడుచుకుని, పైకి చూసింది.

"అవ్వా, పట్టుకో. గానీ కొంచిం ఇడువు."

అవ్వ తాడు వదల్లేదు. జానెడు సడలించింది. ఇంకో జానెడు. అక్క చేతులు ఆడిస్తూ మధ్యకు వెళ్ళింది. ఒక్కసారి ఆమె తల నీళ్ళ కిందికి పోయింది. నిన్న నేను పరుగెత్తింది సరిగ్గా అక్కడే. ఈసారి పరుగెత్తడానికి లేదు, అవ్వ మోచెయ్యి నా భుజానికి ఆనుకుని ఉంది. తల పైకొచ్చింది. అక్క అవతలి గోడ రాయిని ముట్టుకుని, వెనక్కి తిరిగి, ఈదుకుంటూ వచ్చింది. నర్సమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. అప్పుడు వినిపించింది నాకు. ఒకటి, రెండు, మూడు అని ఊపిరి లెక్క పెడుతోంది.

అక్క మెట్టెక్కాక అవ్వ కూలబడిపోయింది. చేతి చుట్టు విప్పితే అరచేయి ఎర్రగా కమిలి ఉంది. అప్పుడు ఏడ్చింది. పక్కింటి పిల్ల పోయిన రోజు కూడా ఏడవని మనిషి, అందరూ చూస్తుండగా, కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. నర్సమ్మ దూరంగానే కూర్చుంది. కళ్ళు తుడుచుకుని అవ్వ నా వైపు తిరిగింది.

"నువ్వు నిన్న సూసిందెంత, నాకు సెప్పిందెంత?"

తిట్టినా కొట్టినా ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాయనకు అవ్వ ఏం చెప్పిందో కానీ, అర్జీ మాట మళ్ళీ రాలేదు, మేనమామ ఇంటి మాటా రాలేదు. అవ్వ మాత్రం నర్సమ్మను నమ్మలేదు. ఆ మాట ఆమె వేసవి పొడుగునా చెబుతూనే ఉంది. నమ్మలేదు కాబట్టే రోజూ మధ్యాహ్నం తలమీద తడిగుడ్డ వేసుకుని బావి గట్టుకు వెళ్ళి తాడు పట్టుకునేది. మొదట అక్కకు, తర్వాత ఒక్కో పిల్లకు. అవ్వ కాపలా ఉందని తెలిసి మరో నాలుగిళ్ళ వాళ్ళు పిల్లలను పంపారు, ఈసారి ఈతకేనని తెలిసే పంపారు. వేసవి చివర నా నడుముకూ తాడు కట్టింది. నన్ను లాగినన్నిసార్లు ఇంకెవరినీ లాగలేదు.

ఆ మరుసటేడు గేటు మనిషికి వేరే ఊరికి బదిలీ అయింది. నర్సమ్మ చెప్పడానికి వచ్చింది. అవ్వ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఆమె వెళ్ళాక నేను అలవాటుగా చెంబు తీసుకొస్తే, దాన్ని నా చేతిలోంచి తీసుకుని లోపల పెట్టేసింది. మళ్ళీ ఆమెను మేము చూడలేదు. ఆ తర్వాత మా వీధి బావిలో ఎవరూ పడలేదు. అంత హైరానా పడి నేర్చుకున్న ఈత ఎందుకు పనికొచ్చిందని మా నాయన ఎగతాళి చేసేవాడు. నాకు తెలిసింది ఒకటే. మేము ఈత నేర్చుకున్న ఏటి వానాకాలం నుంచి మా అవ్వ చంకన బిందె పెట్టుకుని, చేంతాడు భుజాన వేసుకుని, తనే వీధి బావికి నీళ్ళకు వెళ్ళేది. పక్కన అక్క కూడా ఉండేది.

నేను మారిపోయి అందరినీ నమ్మే మనిషినయ్యానని చెబితే అది అబద్ధం. మనవరాలు కొత్త స్నేహితుల పేర్లు చెప్పినా, ఊళ్ళోకి ఎవరో వచ్చి పిల్లలకు ఉచితంగా ఏదో నేర్పిస్తామన్నా, నా కళ్ళు మా అవ్వ కళ్ళలాగే చిన్నవవుతాయి. కానీ దుంగల వెనక నుంచి చూసి ఇంటికి పరుగెత్తడం ఆ రోజుతో మానేశాను. ఎండయినా వానయినా దగ్గరికి వెళ్తాను. మీరంటే నాకు అనుమానంగా ఉంది, నేను ఇక్కడే కూర్చుని చూస్తాను, ఏదైనా పని ఇవ్వండి అని అడుగుతాను. కొందరు మొహం చిట్లించి పొమ్మంటారు, వాళ్ళ సంగతి నాకు తెలిసిపోతుంది. కొందరు పక్కకు జరిగి చోటిస్తారు. వాళ్ళ దగ్గర కూర్చుని, పిల్లలు నీళ్ళలోంచి తల పైకెత్తేదాకా కన్ను తిప్పకుండా చూస్తాను.