బయట కూర్చోమన్న మేడమ్

కోర్టులో మధ్యవర్తిగా పనిచేసిన రజియా మేడమ్ సంతాప సభలో నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. ముందుగానే పేరు ఇచ్చాను, రెండుసార్లు చెయ్యి ఎత్తాను. ఆమెతో కోర్టు క్యాంటీనులో టీ తాగిన వకీళ్లందరూ మాట్లాడారు. ఆమె దగ్గరికి తగాదాలతో వెళ్లినవాళ్లలో ఒక్కరికీ మైకు ఇవ్వలేదు. ఇదీ నేను మరిచిపోను. సభ మధ్యలో ఎవరో కూలరు వేశారు. తడిసిన గడ్డి వాసన ముఖానికి కొట్టగానే కర్నూలు కోర్టులో మధ్యవర్తిత్వ కేంద్రం బయటి బెంచీ గుర్తొచ్చింది. అక్కడా అంతే. చల్లగాలి లోపలివాళ్లకు, తలుపు సందులోంచి వచ్చే వాసన నాకు.

మాది ఓర్వకల్లు. బోరు మోటార్లు బాగుచేసే షాపు నాది. చెల్లెలు పద్మను కమలాపురంలో సుధాకర్‌కు ఇచ్చాం. వాళ్లు కొత్త ఇంట్లో చేరిన రోజున, పిల్లనిచ్చిన ఇంటివాణ్ణి అని కూడా చూడకుండా, నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టిన మనిషి అతను. అది నాకు జరిగింది, నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఆ తర్వాత జరిగింది. ఏదో మాటా మాటా పెరిగిన రోజు పద్మనూ బిడ్డనూ సామానుతో సహా బస్టాండులో దింపేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. ఊళ్లో మాత్రం, తనే లేచిపోయిందని చెప్పాడు. లేచిపోయింది! ఆ మాట మా అమ్మ చెవిన కూడా పడింది. అతను కమలాపురంలో పెద్దల ముందు నిలబడి, తాను చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. నాకు కావలసింది అదొక్కటే. అందుకే విడాకుల కేసుకు వకీలును పెట్టింది నేను, వాయిదాలకు తిరిగింది నేను. జడ్జిగారు కేసును మధ్యవర్తిత్వానికి పంపితే పద్మ వెంట వెళ్లిందీ నేనే.

గదిలో గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు. నేను కూర్చోబోతుంటే మేడమ్ కళ్లద్దాల మీదుగా చూశారు.

"నువ్వెవరప్పా?"

"పద్మ అన్నను మేడమ్. కేసంతా నేనే చూస్తాండా."

"పెండ్లి ఎవరిది?"

"నా చెల్లెలిది."

"విడాకులు ఎవరికి?"

నేను పద్మ వైపు చూశాను. "అయితే నువ్వు బయట కూసో. ఫ్యాను కింద కూసో, ఎండ శానా ఉండాది" అన్నారు. సుధాకర్ వాళ్ల చిన్నాన్న మీసం తిప్పుతూ లోపలికి రాబోతే అతణ్నీ పంపించేశారు. ఇద్దరం ఒకే బెంచీ మీద చెరో చివర కూర్చున్నాం. అతను నాకు వక్క పలుకు ఇవ్వబోయాడు. తీసుకోలేదు.

ఒకరోజు విరామంలో మేడమ్ టీ గ్లాసుతో బయటికి వచ్చి నా పక్కనే కూర్చున్నారు. "ఇప్పుడు చెప్పు, నీ బాధేంది?" అన్నారు. నన్ను ఆ మాట అడిగినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. రెండో బంతి దగ్గర మొదలుపెట్టి బస్టాండు దాకా అంతా చెప్పాను. టీ చల్లారిపోయినా మధ్యలో అడ్డురాలేదు. చివర్లో అన్నారు: "బంతి సంగతి చెప్పేటప్పుడు నీ గొంతు లేచింది. బస్టాండు సంగతికి వచ్చేతలికి మాట రాలేదు. ఆ రెండోది ఆ పిల్లది అప్పా. దాన్ని ఆ పిల్లనే చెప్పుకోనీ."

"దానికి మాట్లాడేది రాదు మేడమ్."

"నువ్వు లేనప్పుడు బాగానే మాట్లాడుతుంది" అని లేచి వెళ్లిపోయారు. ఆ మాటకు వచ్చిన కోపం నాకు ఇంకా ఉంది. అందులో అబద్ధం లేదన్నది వేరే సంగతి.

చివరికి ఒప్పందం కుదిరింది. బిడ్డ పద్మ దగ్గరే ఉంటాడు, సెలవులకు తండ్రి దగ్గరికి వెళ్తాడు, ఇద్దరూ కలిసి విడాకులు అడుగుతారు. అంతా చదివాను. ఊరి పెద్దల ముందు తప్పు ఒప్పుకోవడం గురించి ఒక్క ముక్క లేదు. నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"వాడు క్షమాపణ చెప్పినాడా లేదా?"

"లోపలి మాటలు జడ్జి అడిగినా నేను చెప్పగూడదు. నువ్వేమన్నా జడ్జి కంటే పెద్దోనివా?"

"మరి దీన్ని ఆపేదెట్లా?"

"ఇప్పుడు అర్జీ వేస్తారు. ఆరు నెలలైనాక మళ్లా వచ్చి ఇద్దరూ అదే మాట చెప్పాల. నడమ ఆ పిల్లకు వద్దనిపిస్తే వద్దంటుంది. అనిపించాల్సింది ఆ పిల్లకప్పా, నీకు గాదు."

ఆ ఆరు నెలలూ ఇంట్లో నేను చెప్పని మాట లేదు. ఊరికి తెలియని న్యాయం న్యాయమే కాదన్నాను. పద్మ కుట్టుమిషను తొక్కుతూ విన్నది, ఒక్కసారీ ఎదురు చెప్పలేదు, ఒక్కసారీ ఒప్పుకోలేదు. రెండోసారి కోర్టుకు వెళ్లి తన మాట తానే చెప్పింది. బయటికి రాగానే ఆపుకోలేక అడిగాను: "వాడు నీకు ఆ మాట చెప్పినాడా?"

"ఆకలైతాందన్నా. ముందు ఏమన్నా తిందాం" అంది.

కోర్టు ఎదురుగా ఎర్రకారం దోశ తిన్నది. ఇంకొకటి చెప్పించుకుని అదీ తిన్నది. బస్టాండు రోజు నుంచి అన్నం కెలికి వదిలేసే మనిషి. నేను ప్లేటు ముందు పెట్టుకుని ఆమెనే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు మా షాపుకు మోటార్లతో పాటు మొగుడూపెళ్లాల పంచాయితీలు కూడా వస్తాయి. కోర్టుల చుట్టూ తిరిగాను కాబట్టి దారి చెబుతానని వస్తారు. వెంట అన్నలూ మామలూ గుంపుగా వస్తారు. మేడమ్ అడిగినట్టే "పెండ్లి ఎవరిది?" అని అడిగి, ఆ ఇద్దరిని తప్ప అందరినీ బయటికి పంపేస్తాను. వాళ్ల ముఖాలు మాడిపోతాయి. ఆ మంట ఎంతసేపు ఉంటుందో నాకు తెలుసు. అయినా పంపిస్తాను. అది ఆమె నాకు నేర్పిన పని, నన్ను అవమానించే నేర్పారు. ఆమె మీద కోపమూ గౌరవమూ నాలో ఒకేచోట ఉంటాయి. దేన్నీ వదులుకోను.

నా ప్రశ్ననూ వదులుకోను. మేడమ్ ఆ మాటను తనతోనే తీసుకుపోయారు, అది ఆమె ధర్మం. మిగిలింది మీరిద్దరే. సుధాకర్, బస్టాండులో చేసినదానికి, ఊళ్లో అన్నదానికి, తప్పయిందని పద్మ ముఖం చూసి చెప్పావా? పద్మా, విన్నావా? ఎవరు ఏడ్చారో, ఎంతసేపు మాట్లాడారో నాకు వద్దు. ఔనో కాదో చెప్పమ్మా. ఊరికి తెలియకపోయినా ఫర్వాలేదు. నాకు చెప్పు.