నేను చేయలేకపోయిన భూస్థాపన

ప్రభువు ప్రేమించిన సహోదరులారా, సహోదరీలారా, ఇందాక నేను ఈ వేదిక మీదికి నడిచి వస్తుంటే ముందు వరసలో కూర్చున్న తల్లులందరూ నా ఎడమ కాలి వైపే చూశారు, చూడండి, పరవాలేదు, ఆ కాలు కొంచెం పొట్టిది, అయినా నడుస్తుంది, అది నడవడం వెనుక ఒక సంఘమంతా మోకాళ్లు అరిగేలా చేసిన ప్రార్థన ఉంది, అందుకు దేవునికే మహిమ! కానీ దాచడమెందుకు, ఈ సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడల్లా నాకు సంతోషం కన్నా ముందు దుఃఖమే వస్తుంది.

నేను ఖరగ్‌పూర్‌లో మన తెలుగు సంఘానికి కాపరిగా ఉన్న రోజులవి. ఒక వర్షాకాలం సాయంత్రం, ఊరికి దూరంగా చిన్న స్టేషన్‌లో పనిచేసే మన విశ్వాసి ఇంట్లో కూడిక ముగించుకుని పాసింజరు బండిలో తిరిగి వచ్చాను. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఎంత పొడుగో చూసినవాళ్లకు తెలుసు, దాని చివరిదాకా నడిచి, వంతెన ఎక్కి, దిగి, చుట్టూ తిరిగి ఇంటికి పోవడమంటే అక్కడి రైల్వేవాళ్లకు నామోషీ, ప్లాట్‌ఫారం లేని వైపు తలుపు తీసి కిందికి దూకి పట్టాలకు అడ్డంగా న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్ల వైపు నడిచిపోవడమే వాళ్ల అలవాటు. నేను రైల్వే ఉద్యోగిని కాను, సంచిలో బైబిలు మోసుకు తిరిగే పాదిరీని, అయినా అన్నేళ్లు వాళ్ల మధ్య ఉండి నేనూ సగం రైల్వేవాణ్ణే అనుకున్నాను. దూకాను. తడి కంకర మీద చెప్పు జారి, కాలు పట్టా పక్కన ఇనుప కడ్డీల మధ్య ఇరుక్కుని, మనిషిని అటు పడ్డాను, కాలు ఇటు ఉండిపోయింది! తొడ ఎముక విరిగిన చప్పుడు నా చెవులతో నేనే విన్నాను.

ఆసుపత్రిలో కాలికి బరువు కట్టి వేలాడదీశారు, ఆ తర్వాత నడుము నుంచి పాదం దాకా సిమెంటు కట్టు వేసి ఇంటికి పంపారు. డాక్టర్‌బాబు మంచివాడు, బెంగాలీ అయినా నాకు అర్థమయ్యేలా హిందీలో చెప్పాడు, "పాదిరీబాబూ, హిల్‌నా మత్, ఏకదమ్ హిల్‌నా మత్," కదిలితే ఎముక పక్కకు జరుగుతుందని, జరిగితే ఇక జన్మలో నిలబడలేనని. నిలబడలేని కాపరి సంఘానికి ఏం పనికొస్తాడు? రొట్టె విరిచే ప్రభువు బల్ల దగ్గర ఎవరు నిలబడతారు, బాప్తిస్మానికి నీళ్లలోకి ఎవరు దిగుతారు, చనిపోయినవారిని ఎవరు సాగనంపుతారు? ఈ ప్రశ్నలతో మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు రేకులు చూస్తూ ఉండేవాణ్ణి, ఇతరులకు ప్రార్థన నేర్పిన నా నోట ఒక్క ప్రార్థన రాలేదు. అయ్యో, ఎంత చీకటి ఆ రోజులు!

అప్పుడు సంఘం లేచింది సహోదరులారా! ఎవరూ ప్రకటన చేయలేదు, ఎవరూ వంతులు వేయలేదు, వర్క్‌షాపు సైరనే వాళ్లకు వంతులు వేసింది, పొద్దుటి డ్యూటీ దిగినవాళ్లు సాయంత్రం వచ్చేవారు, రాత్రి డ్యూటీ దిగినవాళ్లు పొద్దున్నే నూనె మరకల చేతులతో నేరుగా మా ఇంటికే వచ్చేవారు, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి నా మంచం చుట్టూ మోకరించేవారు. వ్యాగన్ షాపులో ఫిట్టరు దావీదు, మన సంఘ పెద్ద, అతని ప్రార్థన ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "పెబువా, మా అయ్యగోరి కాలు ఇరిగిపోనాది, నువ్వు సూస్తన్నావు గదా, మేమయితే ఇరిగింది ఏటైనా ఎల్డింగు పెట్టి నిలబెడతాం, ఇది మా సేతిలో పని కాదు తండ్రీ, ఇది నీ షాపులో పని, నువ్వే సెయ్యాల!" నాకు లోపల నవ్వొచ్చింది, వ్యాకరణం తెలిసిన పాదిరీని గదా! కానీ నవ్వుతూనే ఏడ్చాను, నేను చేయలేని ప్రార్థన నా మంచం పక్కనే ఎవరో నా బదులు చేస్తున్నారని అప్పుడు తెలిసింది.

ఇక్కడ రాహేలమ్మ గురించి చెప్పాలి. సుభాష్‌పల్లిలో కూతురు కరుణ దగ్గర ఉండే ముసలావిడ, సంఘమంతా మామ్మ అనే పిలిచేది, నన్ను కన్నతల్లి లేని లోటు ఆ ఊళ్లో ఆవిడే తీర్చింది, తిట్టాల్సి వచ్చినా ఆవిడే తిట్టేది. ఆవిడకు ఒకటే కోరిక, కనబడిన ప్రతిసారీ అదే మాట: "అయ్యగోరూ, నన్ను మాత్రం మీరే మట్టిలో పెట్టాల. ఆ బెంగాలీ పాదిరీ సేతిలో పెట్టీకండి. ఆయన మంచోడే, కాదన్ను, గానీ ఆయన ఏటి సదివినాడో నాకెలాగ తెలుస్తాది?" "చనిపోయాక ఏ భాషైతే ఏం మామ్మా?" అని నేను ఆటపట్టిస్తే, "మీకేటి, కుర్రోళ్లు, అలాగే అంటారు" అని మూతి తిప్పుకునేది. సరేనని మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవాలంటే ముందు నేను నిలబడాలి, అదే నా దిగులు.

నేను పడ్డ కొత్తలో మామ్మ రోజూ వచ్చేది, నా పాదం పట్టుకుని పెదవులు కదిలిస్తూ కూర్చునేది, పోతూ పోతూ గుడ్డలో చుట్టి తెచ్చిన ఉడికించిన గుడ్డు మా ఇంటావిడ చేతిలో పెట్టేది. తర్వాత రావడం మానేసింది. అడిగితే మా ఇంటావిడ చెప్పింది, మనవరాలి పురిటికి విజయనగరం వెళ్లిందని. దావీదు కూడా అదే అన్నాడు, "ఎళ్లినాదండీ, ఒచ్చేస్తాది" అని గోడ వైపు చూస్తూ. నాకు కష్టమేసింది సుమండీ! నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పోయిందా ఈ ముసల్ది, నేనిలా మంచం పట్టి ఉంటే పురుడు ఎక్కువయిందా అని మూలిగాను, ఆ మాట మా ఇంటావిడ విని వంటింట్లోకి వెళ్లిపోయింది, ఎందుకు వెళ్లిందో నాకు తట్టలేదు.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అందరూ మా ఇంటికి వచ్చారు. దావీదు ప్రార్థనకు పూనుకున్నాడు, దావీదు ప్రార్థన అంటే గూడ్సు బండి, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. జబ్బుపడ్డవారి పేర్లన్నీ అయ్యాయి, ఉద్యోగాల్లేని పిల్లల పేర్లు అయ్యాయి, అప్పుడన్నాడు: "తండ్రీ, మామ్మని నీకాడికి పిలుసుకున్నావు, తల్లి లేని పిల్లయిపోయిన మా కరుణమ్మని నువ్వే ఓదార్సాల..." ఆగిపోయాడు.

నేను కళ్లు తెరిచాను. సహోదరులారా, ఆ గదిలో కళ్లు తెరిచింది నేనొక్కణ్ణే! మిగతా అందరూ కళ్లు గట్టిగా మూసుకుని అలాగే మోకాళ్ల మీద ఉండిపోయారు, తెరిస్తే నా ముఖం చూడాలి గనుక. మనిషి ముందు కళ్లు తెరుచుకుని అబద్ధమాడగలిగాడు గానీ, దేవుని ముందు కళ్లు మూసుకుని ఆడలేకపోయాడు ఆ అమాయకుడు. మామ్మ చనిపోయింది, సమాధి అయిపోయింది, ఆ బెంగాలీ పాదిరీ గారే చేశారు, సంఘమంతా వెళ్లింది, అదే సంఘం అదే సాయంత్రం నా దగ్గరికి వచ్చి నా కాలి కోసం ప్రార్థించి పోయింది, నాకు మాత్రం తెలియదు.

నాకు కోపం ఎక్కువ, మీకు తెలియదేమో గానీ మా ఇంటావిడకు తెలుసు. "లేవండి, అందరూ వెళ్లిపోండి, మీ ప్రార్థనలు నాకొద్దు!" అని కేకలేశాను. వాళ్లు వెళ్లారు. మర్నాడు మళ్లీ వచ్చారు, నేను తలుపు తీయనివ్వలేదు, వరండాలో వానజల్లులో నిలబడి ప్రార్థించి పోయారు, ఆ మర్నాడూ అంతే, ఎవరూ నన్ను తప్పుపట్టలేదు, అదే నాకు ఇంకా మంటగా ఉండేది.

చివరికి కరుణ వచ్చింది. ఆమెను వద్దనే నోరు నాకెక్కడిది? మంచం పక్కన కింద కూర్చుని జరిగింది చెప్పింది. మామ్మకు ఆయాసం ఎక్కువైన రోజున దావీదు, మరికొందరు సిద్ధపడి వచ్చారట, మంచంతోనే నన్ను ఎత్తుకుని సుభాష్‌పల్లికి తెచ్చేస్తామని. మామ్మే అడ్డుపడిందట. "ఓరి, మీకేటి మతిపోనాదా! ఎముక ఇప్పుడిప్పుడే అతుకుతున్నాది, కదిపేరంటే జల్మంతా కూలబడిపోతాడు. ఆయనొచ్చి నన్ను పెబువుకి కొత్తగా పరిచయం సెయ్యాలేటి? నేనెవరో పెబువుకి తెలీదేటి? అయ్యగోరికి సెప్పీకండి, తెలిస్తే లేచి వచ్చేస్తాడు, మొండోడు." అలా అందరి చేతా మాట తీసుకుందట.

"మరి బెంగాలీలో చదివితే...?" అన్నాను నేను.

"అడిగినాను అయ్యగోరూ. 'పోనీలే, ఆ పాదిరీ ఏటి సదివినా పెబువుకి తెలుస్తాది గదా' అన్నాది. అప్పుడు మీ కోసమే పార్దన సేసినాది. 'పెబువా, నాకేటీ ఒద్దు, ఆ కుర్రోడు లేచి నడవాల, ఆడి కాలు...' అని, అంతే అయ్యగోరూ. మాట అక్కడే ఆగిపోనాది. పార్దన పూర్తి అవ్వలేదు."

నన్ను కుర్రోడు అంది చూడండి, తల నెరిసిన పాదిరీని!

ఆ రోజు సాయంత్రం సైరను కూశాక తలుపు నేనే తీయించాను. దావీదు చేయి పట్టుకున్నాను, అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత కట్టు విప్పారు, కాలు కర్రపుల్లలా ఎండిపోయి ఉంది, చంకకర్రల మీద నిలబడితే చెమటలు కారి కళ్లు తిరిగేవి, పడితే పట్టుకోవడానికి అటొకరు ఇటొకరు, గోడ పట్టుకుని గుమ్మం దాకా, గుమ్మం నుంచి వీధి దాకా, ప్రతి అడుగుకీ చుట్టూ "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఉంటే, దేవుడు నన్ను నడిపించాడు! డాక్టర్‌బాబు చూసి, "ఆప్‌కా భగవాన్ బహుత్ జిద్దీ హై" అన్నాడు. దేవునిది మొండితనమో, మామ్మదో నాకు తెలియదు.

మొట్టమొదట రిక్షా ఎక్కి నేను వెళ్లింది సమాధుల తోటకే. గేటు దగ్గర దిగి, నన్ను పట్టుకోవద్దన్నాను, చంకకర్రలతో నేనే నడిచాను, వెనుక సంఘమంతా వచ్చింది. భూస్థాపన వేళ చదివే పుస్తకం సంచిలో తెచ్చుకున్నాను, ఇచ్చిన మాట ఇప్పుడైనా తీర్చుకుందామని. కానీ మామ్మ మీద అప్పటికే పచ్చిగడ్డి మొలిచి ఉంది. గడ్డి మొలిచిన మట్టి మీద ఆ మాటలు ఏమని చదవను? ఆవిడను అప్పజెప్పాల్సిన వేళ దాటిపోయింది, ఆవిడ నేను లేకుండానే చేరుకుంది. పుస్తకం మూసేశాను.

అప్పుడు గుర్తొచ్చింది, నా కాలి కోసం చేసిన ప్రార్థన ఆవిడ నోట సగంలో ఆగిపోయిందని. ఆ కాలి మీదే నిలబడి ఉన్నాను. చంకకర్రలు దావీదుకిచ్చి, వణుకుతూ, ఏ ఊతా లేకుండా, "ఆమేన్" అన్నాను. వెనుక అందరూ "ఆమేన్" అన్నారు. ఇంకేమీ చేయలేకపోయాను సహోదరులారా.

ఇప్పటికీ నాకొక తగాదా ఉంది, పరలోకంలో మామ్మ కనబడగానే మొదట అదే తేల్చుకుంటాను, కాలు పోతే పోయేది, నన్ను మోసుకు రానివ్వాల్సింది! ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు, మూతి తిప్పుకుంటుంది. నన్ను లేపిన దేవునికి, నా కోపాన్ని కూడా మోసిన ఆ సంఘానికి బ్రతికినంత కాలం కృతజ్ఞుణ్ణి. మీలో మంచం పట్టినవారుంటే, ప్రార్థన రాక పైకప్పు చూస్తున్నవారుంటే, భయపడకండి, ఆయనను నమ్మండి, మీకు మాట రాకపోయినా మీ కోసం ఎవరి నోటనో ఆయన మాట పెడతాడు. కాళ్లు బాగున్నవారితో ఒక్కటే చెబుతాను, మీ వీధిలో మీ కోసం ప్రార్థించే ముసలి తల్లి ఎవరైనా ఉంటే, ఈ కూడిక కాగానే ఇంటికి పోకండి, ముందు ఆవిడ దగ్గరికి వెళ్లండి.