పేరు పూర్తిచెయ్యని ఓడ

గంటకు రెండుసార్లు సముద్రం నోరు మూసుకుంటుంది. అలలు కాదు, ఓడలు. పావు దాటగానే ఒకసారి, ముప్పావు దాటగానే మరోసారి, మూడేసి నిమిషాలపాటు, ఎక్కడెక్కడి నీళ్ళలో ఉన్న ఓడలైనా సరే, రేడియో మీట మీంచి చెయ్యి తీసెయ్యాలి. సరుకు లెక్కలు, రేవు కబుర్లు, అమ్మకు ఎలా ఉందని అడిగే తంతి వార్తలు, అన్నీ సగంలో ఆగిపోతాయి. ఎక్కడో ఒక ఓడ మునిగిపోతూ, బ్యాటరీలో మిగిలిన చివరి ఓపికతో పిలిస్తే, ఆ సన్నటి గొంతు నలుగురి సందడిలో కొట్టుకుపోకూడదని ఆ ఏర్పాటు. తీరం మీది రేడియో గదిలో గోడ గడియారానికి ఆ రెండుచోట్లా మూడేసి నిమిషాల మేర ఎర్రరంగు పూసి ఉండేది, కోసిన పుచ్చకాయ ముక్కల్లా.

చుక్కలాయన ఆ ఎర్రముక్కల కోసమే ఉద్యోగం చేశాడు. మిగతా గంటంతా వాటికోసం కాచుక్కూర్చోవడమే.

చుక్కలూ గీతలతో ఓడలతో మాట్లాడతాడు కనక వీధిలో ఆ పేరు పడింది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని కొన్నాళ్ళు దూరం దూరంగా మసిలేవాళ్ళు. "మా ఆయన చుక్క ముట్టరండీ, వింటారంతే" అని ఆయన భార్య కుట్టుమిషను తొక్కుతూనే సర్దిచెప్పేది. ఆ మిషను మోత మీద మాట్లాడి మాట్లాడి ఆవిడ గొంతు పెద్దదైంది. మామూలుగా మాట్లాడినా పక్కింటివాళ్ళు జవాబు చెప్పేవాళ్ళు.

ఆయన తండ్రికి పిండిమర ఉండేది. పాకడం, నడవడం, ఎక్కాలు అప్పజెప్పడం, అన్నీ ఆ మర పక్కనే జరిగాయి. ఆ మోతలో ఎవరికేం కావాలన్నా చేత్తోనే చెప్పాలి. అన్నానికి ఒక సైగ, కోపానికి ఒక సైగ. మీసాలు మొలిచే వయసులో తంతి పని నేర్చుకోవడానికి వెళ్ళి మొదటిసారి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు ఆయనకు వినిపించింది సంకేతం కాదు, నిశ్శబ్దం. అది ఖాళీగా లేదు. వాన వెలిశాక చూరు అంచున జారబోయి ఆగిన నీటిబొట్టులా ఉంది. ఇదేదో బాగుంది, ఇక్కడే ఉండిపోదాం అనుకున్నాడు. ఉండిపోయాడు.

రెండు పొడవాటి స్తంభాలు, వాటి మధ్య తీగ, కింద రేకుల కప్పుతో ఒక భవనం. లోపలి గదికి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, రెండింటికీ కంబళిగుడ్డ. బల్ల మీద మోచెయ్యి ఆనేచోట పాలిష్ పోయి చెక్క రంగు తేలింది. రిసీవరులో చిన్న పసుపు దీపం. అక్కడ కూర్చుని ఆయన ఓడల ఆపరేటర్లను చేతినిబట్టి పోల్చుకునేవాడు. ఒకడు గీతల్ని సాగదీస్తాడు, ఒకడు చుక్కల్ని మింగేస్తాడు. ఒక సరుకు ఓడ మీది ఆపరేటరు మీట నొక్కితే వడ్లు దంచినట్టుండేది. అతనికి ఈయన 'రోకలి' అని పేరు పెట్టాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు గానీ, ఒకరికి జలుబు చేస్తే రెండోవారికి తెలిసిపోయేది.

పక్క గదిలో తంతులు చూసే అమ్మాయిని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. మీట మీద ఆమె వేళ్ళు గింజలేరుకుంటున్నట్టుండేవి. పని నేర్పింది ఈయనే. ఈయన దిగాక కుర్చీ ఎక్కేది ఆమే.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, ముల్లు ఎర్రముక్కలోకి జారింది. ఒక్కో ఓడా మాట ఆపింది. అన్నీ ఆగాక, దూదిలోంచి దారం తీసినట్టు, సన్నగా ఒక స్వరం. ఇన్నేళ్ళుగా ప్రతి చప్పుడునీ చుక్కలుగా, గీతలుగా తుంచుకున్న చెవి అది. దీన్నీ తుంచింది. ఒక అక్షరం అయింది. మరొకటి. ఓడ తన పేరు చెప్పుకుంటోంది. మూడో అక్షరం దగ్గర ఆగి, మళ్ళీ మొదటికొచ్చింది. అంతలో మౌనం ముగిసి, ఓడలన్నీ బడి వదిలిన పిల్లల్లా ఒక్కసారి మాటల్లో పడ్డాయి.

ఆయన మీట అందుకుని, "ఎవరు పిలిచింది? పేరు పూర్తిగా చెప్పండి" అని అడిగాడు. ఎవరూ పలకలేదు.

"ఏమైనా ఉందా మాస్టారూ?" అంది పిచ్చుక, డ్యూటీ మారడానికి వచ్చి.

"ఒకటి పిలుస్తోంది. పేరు చెప్పబోయి ఆగిపోతోంది."

"సిగ్గేమో." హెడ్‌ఫోన్లు పెట్టుకుని తర్వాతి మౌనం మొత్తం విని తల అడ్డంగా ఊపింది. "నాకేం అందలేదు. మీవి పాము చెవులు, నావి మామూలువి."

ఆ తర్వాత ప్రతి మౌనంలోనూ అది వచ్చేది. దగ్గరికి రాదు, దూరం పోదు. ఆయన దానికి కొంచెం కొంచెంగా ఒక రూపం ఇచ్చుకున్నాడు. పెచ్చులూడిన తెల్లరంగు. రెయిలింగు మీద ఆరేసిన చొక్కా, తీసుకోవడం మరిచిపోయినది. లోపల ఒక ఆపరేటరు, తన ఓడ పేరు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయినవాడు. ఆ ఓడ చుట్టూ ఎప్పుడూ సాయంత్రమే. బస్సులో ఇంటికెళుతూ కిటికీ బయట మేడలు వరసగా కదులుతుంటే, వాటి మధ్య సందుల్లోంచి అది పోతున్నట్టు అనిపించేది.

ఒకరోజు ఆ స్వరంలో ఆపద అక్షరాలు వినిపించాయి. ఒక్కసారే. అయినా ఆయన లేచి స్టేషను అధికారి గదికి వెళ్ళాడు. అందరూ పెద్దసారు అనే ఆ మనిషి ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "మీరు విన్నారంటే ఉన్నట్టే" అన్నాడు. స్వరం ఎటునుంచి వచ్చి ఉంటుందో అంచనా కట్టి ఓడలకు కబురు పంపారు. అందరికంటే దగ్గరున్నది రోకలి ఓడ. అది దారి మళ్ళి, చెప్పినచోటల్లా పొద్దుగూకేదాకా వెతికింది. చివరికి రోకలి తన బరువు చేత్తో పంపాడు: "ఏమీ లేదు. ఎటు చూసినా నీళ్ళే. బాధపడకు. నేను మునిగినా నువ్విలాగే లేపాలి అందరినీ."

ఎవరూ తప్పు పట్టలేదు. వాతావరణం ఒక్కోసారి ఆటలాడుతుందన్నారు. ఆ నమ్మకమే ఆయనకు కొత్త చెప్పులా కరిచింది.

సెలవురోజున భార్య వరండాలో బడిపిల్లల నిక్కర్లు కుడుతోంది. ఆయన పక్కనే పేపరు చదువుతున్నాడు. ఠప్పుమని మిషను బెల్టు తెగింది.

"కదలకండి, కింద పిన్నులున్నాయి" అని ఆవిడ వంగి వెతకసాగింది.

ఆ ఇంట్లో పగటిపూట నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడే తెలిసింది. ఎండ గచ్చు మీద పరుచుకుని ఉంది. కత్తిరించిన గుడ్డముక్కలు గాలికి పొర్లాయి. అప్పుడు వచ్చింది ఓడ. అదే దారం, అవే రెండు అక్షరాలు. ఆయన వేలు పైకెత్తాడు.

"ఏంటి?" అందావిడ బల్లకిందనుంచి.

"ఎవరో పిలుస్తున్నారు."

"ఎవరూ పిలవట్లేదు. తలుపు బార్లా తీసే ఉంది. వచ్చేవాళ్ళయితే ఈపాటికి లోపలికొచ్చి కాఫీ కూడా తాగేసేవాళ్ళు."

ఆయన రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడు. ఓడ ఇంకా దగ్గరకొచ్చింది.

ఆవిడ లేచి ఆయన ముఖంలోకి చూసింది. "ఏవండీ, ఏమైంది?"

"ఓడ. ఇక్కడా ఉంది."

"వెతికి వెతికి ఏమీ దొరకలేదన్నారే, ఆ ఓడా?"

"అదే. గదిలోనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంట్లో నీ మిషను ఆగితేగా తెలియడానికి. రాత్రయితే ఆ పాత ఫ్యాను మోత."

"మోత, మోత అని మా అన్నయ్యతో చాడీలు చెప్పారుగా, చూడండి మరి." కానీ ఆవిడ నవ్వలేదు. పక్కన కూర్చుంది. "పోనీ, అది లేదని తెలిసిపోయిందిగా. పిలిస్తే పిలవనివ్వండి. విననట్టు ఊరుకోండి. నేను పిలిస్తే ఊరుకోవడం లేదూ?"

ఆయనకు నవ్వొచ్చింది. వచ్చినది సగంలోనే ఆగింది. "దాన్ని విననట్టు ఊరుకోవడం అలవాటైందనుకో. నిజంగా పిలిచినవాడి విషయంలో కూడా అలాగే ఊరుకుంటాను."

ఓడ ఒక్కటే మాట్లాడింది.

"అయితే చెప్పేస్తారా? ఉద్యోగం పోతుందని భయమా?"

"ఉద్యోగం కాదు. ఆ మూడు నిమిషాలు."

ఆవిడ తెగిన బెల్టును వేళ్ళకు చుట్టుకుంటూ, "నాకు తెలుసులెండి" అంది. "పెళ్ళయినప్పటినుంచీ నాకు పోటీ అవేగా."

అయినా మర్నాడు ఆయన ఎవరికీ చెప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు. ఇంకొక్కరోజు అనుకున్నాడు. ఇంకొక్క ఎర్రముక్క. పావు దాటింది. ఓడలు ఒక్కొక్కటే ఊరుకున్నాయి. దారం మొదలైంది. నువ్వు లేవు, అని దాన్ని పక్కకు నెట్టాడు. నెట్టినచోట, దాని వెనక, ఇంకేదో కదిలినట్టు తోచింది. ఒక చుక్కంత. అదీ ఆయనదేనా, సముద్రానిదా? ఇన్నేళ్ళలో ఆయన పెన్సిలు మొదటిసారి కాగితానికి పైన, గాల్లో ఆగిపోయింది.

బల్ల మీద గంట నొక్కాడు. పిచ్చుక తలుపు తోసుకుని తొంగిచూసింది.

"అమ్మడూ, ఇలా వచ్చి కూర్చో."

"ఇప్పుడా? మౌనం నడుస్తోంది మాస్టారూ."

"అందుకే."

వెచ్చగా ఉన్న హెడ్‌ఫోన్లు ఆమె తలకు తగిలించి పక్కన నిలబడ్డాడు. వినేవాళ్ళు ఎలా ఉంటారో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ వాటిలో గది లేదు. పెదవులు కొంచెం విడివడ్డాయి. భుజాలు కిందికి దిగాయి. లోతు తెలియని నీటిలోకి ఒక పాదం దించి ఆగినట్టుంది. ముల్లు ఎరుపు దాటింది.

"ఏమీ లేదు. శుభ్రంగా ఉంది" అంది, ఒక చెవి వదులు చేసుకుని.

"నాకుంది. చెవులు మూసుకున్నా ఉంది."

ఆమె తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పొద్దు" అంది. "మౌనం వచ్చినప్పుడల్లా నేనొచ్చి ఇంకో హెడ్‌ఫోను పెట్టుకుంటాను. కుర్చీ మీకే ఉంటుంది. మీరిక్కడ లేకపోతే ఈ గది గదిలా ఉండదు."

ఆయనకు ఒప్పేసుకుందామనిపించింది. వేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి.

"నువ్వు ఒకరోజు తంతుల పనిలో ఇరుక్కుంటావు" అన్నాడు. "ఆరోజే పిలుస్తాడు మునిగేవాడు. ఓడల్లో వాళ్ళు నా చెవి తలకింద పెట్టుకుని పడుకుంటున్నారే. దానికి చిల్లుపడ్డాక చెప్పకుండా ఎలా?"

ఆమె హెడ్‌ఫోన్లు మళ్ళీ సరిచేసుకుంది. ఇంక లేవలేదు. ఆయన రెండు కంబళి తలుపులూ దాటి పెద్దసారు గదికి వెళ్ళాడు.

విషయం విని పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీకే వినిపించకపోతే ఇంకెవరికి వినిపిస్తుందండీ?"

"పిచ్చుకకి. ఇప్పుడు కూర్చోబెట్టే వచ్చాను."

చెవి పనికిరాకపోయినా చెయ్యి బాగానే ఉంది కనక ఆయన్ని పంపే బల్లకు మార్చారు. గాలి ఎటు, అల ఎంత, మబ్బు ఎక్కడ అన్న వాతావరణ సమాచారాన్ని ఓడలకు చెప్పే పని. దగ్గరి ఓడల బలమైన మాటలు ఆయనకు బాగానే అందుతాయి. నమ్మకం లేనిదల్లా సన్నటివాటి మీదే. ఈ గదికి కిటికీ ఉంది. మొదటిరోజు దాంట్లోంచి సముద్రాన్ని చూస్తే, ఇన్నేళ్ళూ ఫోనులో మాట్లాడిన మనిషి ఎదురుపడ్డట్టు కొత్తగా ఉంది.

ఆయన సగం పంపేసరికి రోకలి అడ్డం వచ్చాడు. "ఇది నీ చెయ్యేగా? ఇంత మాటకారివని తెలీదే. కుర్చీలో ఎవరు?"

"నాకంటే మంచి చెవి."

"నీదానికేమైంది?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "ఒక ఓడ ఎక్కి కూర్చుంది. దిగనంటోంది."

"రేవు అద్దె వసూలు చెయ్యి" అన్నాడు రోకలి, దంచుతూ.

చుక్కలాయన ఒక్కడే గట్టిగా నవ్వాడు. అంతలో పావయింది. ఆయన మీట మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రోకలి కూడా ఆగిపోయాడు. గోడకవతల పిచ్చుక వింటోంది. ఆయన చెవిలోని ఓడ తన పేరు మొదలుపెట్టి, ఎప్పటిలాగే ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఆయన దాన్ని నెట్టెయ్యలేదు, రాసుకోనూ లేదు. పోతున్న బస్సును చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. మౌనం అయ్యాక వాతావరణం ఆపినచోటినుంచి అందుకున్నాడు: దక్షిణాన గాలి తగ్గుతోంది, అల చిన్నది, దూరం బాగా కనిపిస్తుంది.